చేమ మడి శ్రుతిలో పది నెలలు – నా అనుభవం

ముందే ఒక మాట చెప్పేస్తాను, నాకు గిటార్ రాదు. మామూలు శ్రుతిలో ఉన్న గిటార్ చేతికిచ్చి ఏదైనా వాయించమంటే ఇప్పటికీ బిక్కమొహం వేస్తాను. నాకు కాస్తో కూస్తో వచ్చిందల్లా తీగలు వదులు చేసి వాయించే హవాయి పద్ధతి. వాళ్ళు కీ హోఆలూ అంటారు, బయటివాళ్ళు స్లాక్ కీ అంటారు, రెంటికీ అర్థం ఒకటే, తీగని బిగించే బిరడా వదులు చెయ్యడం.

చిన్నప్పుడు రాజమండ్రిలో నాలుగేళ్ళు వీణ నేర్చుకున్నాను. పదో తరగతి రాగానే మానిపించేశారు (చదువుతున్నవాళ్ళలో సగం మందిది ఇదే కథ అయ్యుంటుంది). ఆ తర్వాత సంగీతం అంటే బస్సులో చెవుల్లో పెట్టుకునేదే. సముద్ర శాస్త్రంలో మాస్టర్స్ కోసం హోనొలులు వచ్చాక, రెండో సెమిస్టర్లో ఒక శనివారం సంతకి కూరగాయల కోసం వెళితే అక్కడ చెట్టు కింద ఒక కుర్రాడు గిటార్ వాయిస్తున్నాడు. కింద బరువైన తీగల మీద బొటనవేలు మద్దెల వేసినట్టు నడుస్తూనే ఉంది, పైన పాట వేరేగా నడుస్తోంది, రెండోవాడు ఎక్కడున్నాడా అని అటూ ఇటూ చూశాను. ఒక్కడే. బెండకాయలు కొనడం మర్చిపోయి ఇంటికొచ్చాను.

ఆ రాత్రి నాన్నకి ఫోన్లో చెబితే, "హవాయి గిటారేగా, ఒళ్ళో పడుకోబెట్టుకుని ఇనప కడ్డీ జారుస్తూ వాయిస్తారు, మా రోజుల్లో ఆర్కెస్ట్రాల్లో ఉండేది" అన్నారు. అది కాదు నాన్నా, అది స్టీల్ గిటార్. అదీ హవాయిలో పుట్టిందే, 19వ శతాబ్దం చివర్లో జోసెఫ్ కెకుకు అనే ఓఅహూ దీవి కుర్రాడు మొదలుపెట్టాడంటారు, ఆ తర్వాత ప్రపంచమంతా తిరిగింది, టావ్ మో అనే హవాయి విద్వాంసుడు 1940ల్లో కుటుంబంతో సహా కొన్నేళ్ళు కలకత్తాలోనే ఉన్నాడు, మన దేశంలో హవాయిన్ గిటార్ అనే పేరు స్థిరపడింది ఆ వాయిద్యానికే. నేను విన్నది దానికన్నా పాతది, ఎక్కువగా ఇళ్ళల్లోనే ఉండిపోయింది. ఈ తేడా నాన్నకి ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాను, ఇంకా "ఆ కడ్డీ కొన్నావా?" అనే అడుగుతారు.

మూడు శనివారాలు వరసగా వెళ్ళి నిలబడ్డాక ఆ కుర్రాడే పలకరించాడు. నేర్పిస్తావా అని అడిగాను. ఎందుకు అన్నాడు. నా దగ్గర మంచి జవాబు లేదు, చిన్నప్పుడు వీణ మధ్యలో వదిలేశాను అని ఏదో సంబంధం లేనిది చెప్పాను. "ఆదివారం ఇంటికి రా, తినడానికి ఏమైనా పట్టుకురా" అన్నాడు. ఫీజు సంగతి అడిగితే తర్వాత చూద్దాం అన్నాడు, ఆ తర్వాత ఇప్పటికీ రాలేదు, అందుకని నేనే తిండి మోస్తున్నాను. పేరు రాయను, రాయొద్దన్నాడు. 23 ఏళ్ళు, నాకంటే నాలుగేళ్ళు చిన్న. పగలు ఏసీలు బాగుచేసే పని, వారంలో రెండు సాయంత్రాలు వైకీకీలో ఒక హోటల్లో వాయిస్తాడు. విద్య తాతగారిది. ఆయనది పెద్ద దీవిలో (ఈ దీవులన్నిట్లో పెద్దది, దాని అసలు పేరూ హవాయే) వైమేఆ, పశువుల రాంచ్ ఉన్న ఊరు. నేను వెళ్ళేసరికి ఆయన పోయి రెండేళ్ళయింది.

ఇంటికి వెళితే గుమ్మం బయట చెప్పుల గుట్ట. చెప్పుల్ని అక్కడ స్లిప్పర్స్ అంటారు, మనలాగే, ఇంట్లోకి వేసుకురారు, అదీ మనలాగే. వయసులో పెద్దవాళ్ళు ఎవరైనా సరే, చుట్టం కాకపోయినా, అంకుల్, ఆంటీ. ఇది మన జాడ్యమే అనుకునేదాన్ని. అతను నన్ను "సిస్" అంటాడు. వాళ్ళ నాయనమ్మని అందరూ టూటూ అంటారు, నేనూ అదే అంటాను.

మొదటి రోజు స్వరాలు లేవు, కార్డులు (కొన్ని స్వరాలు ఒకేసారి కలిపి పలికించడం) లేవు. నూట ఎనభై డాలర్లకి కొన్న నా పాత గిటార్ తీసుకుని, నేను తగిలించుకొచ్చిన ట్యూనర్ పీకి పక్కన పెట్టి, మూడు బిరడాలు తిప్పాడు. పాశ్చాత్య స్వరాల పేర్లతో చెప్పాలంటే, ఆరో తీగ ‘ఈ’ నుంచి ‘డీ’కి దించాడు, అయిదోది ‘ఏ’ నుంచి ‘జీ’కి, ఒకటోది మళ్ళీ ‘ఈ’ నుంచి ‘డీ’కి. మిగతా మూడూ ముట్టుకోలేదు. ఎడమచెయ్యి అసలు పెట్టకుండా మొత్తం మీటమన్నాడు. మీటాను. నిండుగా ఒక మేజర్ కార్డ్ పలికింది.

అప్పుడు ఒక్కో తీగ కింది నుంచి మీటి చూశాను, ఇది ఎక్కడో విన్నదే అనిపించింది. జీని షడ్జం అనుకోండి. డీ, జీ, డీ, జీ, బీ, డీ. ప, స, ప, స, గ, ప. మొదటి నాలుగూ మా వీణ తీగలే! అనుమంద్రం, మంద్రం, పంచమం, సారణి, అదే వరస. పదేళ్ళుగా ముట్టుకోని వీణ నాలుగు తీగలూ పసిఫిక్ మధ్యలో ఒక గ్యారేజీలో గిటార్ మీద మోగుతుంటే నాకు నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి, అతనికి ఏమర్థమైందో తెలీదు. పాడి చూపించాను. "మీ వీణ వాళ్ళూ వదులు చేస్తారా?" అన్నాడు. వదులు చెయ్యం, అదే దాని శ్రుతి అన్నాను. అది బిగించి ఉన్న సంగీతం, ఇది వదిలిన సంగీతం, ఆ తేడా నాకు ఒంటబట్టడానికి నెలలు పట్టింది.

ఈ శ్రుతి పేరు టారో ప్యాచ్. టారో అంటే చేమదుంప, హవాయి మాటలో కాలో. అక్కడ దాన్ని వరిలాగా నీళ్ళు పెట్టిన మడుల్లో పండిస్తారు, అందుకే నేను నా నోట్సులో దీన్ని చేమ మడి శ్రుతి అని రాసుకున్నాను. చేమదుంప అనగానే నాకు వేపుడే గుర్తొచ్చింది కాబట్టి రెండో ఆదివారం కారం దట్టించి వేపుడు చేసి పట్టుకెళ్ళాను. ఇక్కడ కొంచెం కంగారు పడాల్సొచ్చింది. వాళ్ళకి కాలో ఉత్త దుంప కాదు, మనిషికి అన్న. పుట్టుకతోనే చనిపోయిన మొదటి బిడ్డను పాతిపెట్టిన చోట కాలో మొలిచిందనీ, తర్వాత పుట్టిన తమ్ముడి నుంచి హవాయి మనుషులు వచ్చారనీ, ఇద్దరి పేరూ హాలోఅ అనీ టూటూ తాపీగా చెబుతుంటే నేను అన్నగారిని కారంలో వేయించి డబ్బాలో తెచ్చిన దాన్ని ఎక్కడ దాచాలా అని చూస్తున్నాను. ఆవిడ మూత తీసి రెండు ముక్కలు తిని, మూడు గ్లాసుల నీళ్ళు తాగి, మళ్ళీ తెమ్మంది. దుంపని ఉడికించి దంచి చేసే పోయి గిన్నె బల్ల మీద మూత తీసి ఉన్నంతసేపూ పోట్లాడుకోకూడదని వాళ్ళ ఇళ్ళల్లో పాత నియమం, ఆ రోజు బహుశా నన్ను కాపాడింది అదే.

తర్వాత మూడు వారాలు బొటనవేలు ఒక్కటే. స, ప, కింది ప, ప. మళ్ళీ స, ప, కింది ప, ప. పాట లేదు, ఏమీ లేదు. నడక తప్పకూడదు, వేగం పెరక్కూడదు. నేను వేగం పెంచేస్తాను, పెంచుతున్నట్టు నాకే తెలీదు. వీణ నేర్పిన టీచర్ గారు కూడా "పరిగెత్తకు" అని తొడ మీద చరిచేవారు. ఇతను చరచడు, వాయించడం ఆపేసి కూర్చుంటాడు, అది ఇంకా ఘోరం. వాళ్ళ మాట ఒకటుంది, నహెనహె అని. మెత్తగా, తియ్యగా, ఒత్తిడి లేకుండా అని చెప్పొచ్చు. నాది నహెనహె కాదని మాత్రం ప్రతి వారం చెప్పేవాడు.

మొదటి నెల ఫోన్లో రికార్డు చెయ్యొద్దన్నాడు. నాకు టెన్షన్, ఇంటికెళ్ళేసరికి మర్చిపోతానని. కళ్ళతో చూడు, చెవులతో విను, నోరు మూసుకో, ఇది వాళ్ళ సామెత, తాతగారు అలాగే నేర్పారట, వెనక కూర్చోబెట్టుకుని. పాత రోజుల్లో అంతా ఇలాగే. ఒక్కో కుటుంబానికి ఒక్కో శ్రుతి, బయటవాళ్ళకి చెప్పేవాళ్ళు కాదు, గిటార్ పక్కన పెట్టేముందు తీగలన్నీ సడలించేసేవాళ్ళు, ఎవరైనా చేత్తో మీటి కనిపెట్టేస్తారని. అలా దాచుకుని దాచుకుని కొన్ని శ్రుతులు మనుషులతోనే పోయాయి. 1973లో కియోలా బీమర్ అనే స్లాక్ కీ విద్వాంసుడు పాఠాల పుస్తకం అచ్చువేశాడు, నేను అది ముందే కొనేసి సంచిలో పెట్టుకుని తిరుగుతున్నానని ఒకరోజు బయటపడింది. కోప్పడలేదు. "మంచి పుస్తకం, ఇంట్లో చూసుకో, ఇక్కడ నన్ను చూడు" అన్నాడు.

ఎడమచెయ్యి పాఠాలు మొదలయ్యాక అసలు కష్టాలు. వీణ మీద గమకానికి తీగని పక్కకి లాగుతాం కదా, నా వేలు దానంతటదే లాగేస్తోంది. ఇక్కడ లాగరు. కుడిచేత్తో ఒక్కసారి మీటి, రెండో స్వరం కోసం మళ్ళీ మీటకుండా ఎడమచేతి వేలిని మెట్టు మీద టక్కున వాలుస్తారు, లేదా ఉన్న వేలిని గీరినట్టు తీసేస్తారు. నేను లాగిన ప్రతిసారీ "సిస్, అది ఏడుస్తోంది" అనేవాడు. మా సంగీతంలో ఏడిస్తేనే అందం అన్నాను. ఒప్పుకోలేదు. పన్నెండో మెట్టు మీద వేలు ఆనీ ఆననట్టు పెట్టి మీటితే గంటలా పలుకుతుంది, అదొక్కటీ నాకు మొదటి రోజే వచ్చింది, దాంతో కొన్నాళ్ళు మురిసిపోయాను.

గిటార్ ఈ దీవులకి ఎలా వచ్చిందో అతను చెప్పే పద్ధతి నాకిష్టం, ఎప్పుడూ ఆవుల దగ్గర మొదలుపెడతాడు. 1793లో వాంకూవర్ అనే ఇంగ్లీషు కెప్టెన్ కమేహమేహా రాజుకి పశువుల్ని కానుకిచ్చాడు, రాజు వాటిని చంపకూడదని నిషేధం పెట్టాడు, అవి పెరిగి పెరిగి అడవి మందలై తోటలు తొక్కేయడం మొదలుపెట్టాయి. వాటిని పట్టడం నేర్పడానికి 1830ల్లో మెక్సికన్ పశువుల కాపరుల్ని పిలిపించారు. వాళ్ళతో గుర్రపు జీన్లూ తాళ్ళూ గిటార్లూ వచ్చాయి. వాళ్ళు వెళ్ళిపోయాక గిటార్లు మిగిలాయి, వాటి శ్రుతి ఏమిటో సరిగ్గా చెప్పేవాళ్ళు లేరు, ఉన్నా మనవాళ్ళు వినలేదు అంటాడు నవ్వుతూ, ఎవరి గొంతుకి తగ్గట్టు వాళ్ళు తిప్పుకున్నారు. అక్కడి కౌబాయ్‌ని పనియోలో అంటారు, ఎస్పాన్యోల్ అనే మాటే అలా మారింది. ఆ ఇంటి గోడ మీద తాతగారి టోపీ ఇప్పటికీ ఉంది, పూల దండతో.

నేను నేర్చుకోవాలనుకున్నది హిఇలావె అనే పాట. గ్యాబీ పహినూయి అనే స్లాక్ కీ విద్వాంసుడు 1946లో రికార్డు చేశాడు, స్లాక్ కీ రికార్డుల చరిత్ర మొదలయ్యేది దాంతోనే. పెద్ద దీవిలో వైపిఓ లోయలో ఉన్న జలపాతం పేరది. పైకి జలపాతం పాట, లోపల ఒక ప్రేమ వ్యవహారం, దాని గురించి ఊళ్ళో గుసగుసలు, పక్షుల కూతల మీద పెట్టి. ఇలా పైకొకటి లోపలొకటి చెప్పడాన్ని కఓనా అంటారు. మన పదాలూ జావళీలూ విన్నవాళ్ళకి ఇది కొత్తగా ఉండదు, కానీ మాటలు తెలియకుండా వాయించడానికి వీల్లేదన్నాడు. ఒక్కో పంక్తీ పలికించాడు. టూటూ పక్క గదిలోంచి నా ఉచ్చారణ దిద్దేది. ఆవిడ తల్లికి బళ్ళో హవాయి మాట్లాడితే దెబ్బలు. 1896లో చట్టం చేసి బళ్ళలో ఆ భాషను తీసేశారు, మళ్ళీ రాజభాషల్లో ఒకటిగా గుర్తించింది 1978లో. ఆవిడ భాష పెద్దయ్యాక క్లాసుకెళ్ళి నేర్చుకున్నది. "నేను కూడా నీలాగే" అంది ఒకసారి, ఆ మాట ఎంత బరువైనదో తెలిసి ఏం మాట్లాడాలో తోచలేదు.

హిఇలావె ఇప్పటికీ పూర్తిగా రాలేదు. మధ్యలో వాహినే శ్రుతి ఒకటి నేర్చుకున్నాను, వాహినే అంటే స్త్రీ. చేమ మడి శ్రుతిలో మూడో తీగని ఇంకో అర స్వరం దించుతారు, అంటే స కాస్తా కాకలి నిషాదం అవుతుంది. ప, స, ప, ని, గ, ప. ఉత్త తీగ మీటితే ఎక్కడికో వెళ్ళాలని ఉండి ఆగిపోయినట్టుంటుంది, మొదటి మెట్టు మీద వేలు వాల్చగానే ని వెళ్ళి స లో పడుతుంది. ఒక్క వేలితో. ఆ వారం మా రూమ్మేట్ నన్ను గది మార్చుకోమంది, రాత్రి పన్నెండింటికి కూడా ని, స, ని, స.

ఇక చెప్పాలా వద్దా అనుకున్న విషయం. ఆదివారం సాయంత్రాలు చుట్టాలూ పక్కింటివాళ్ళూ ఉకులెలెలతో (నాలుగు తీగల బుల్లి గిటార్లు) చేరతారు, కనికపీలా అంటారు, అంటే కూర్చుని వాయించుకోవడమే. అన్నీ అయ్యాక అతను చివర్లో తాతగారి గిటార్ తీసి, అటు తిరిగి శ్రుతి మార్చి, ఒక్క పాట వాయిస్తాడు. తర్వాత బిరడాలన్నీ వదులు చేసి గోడకి పెట్టేస్తాడు. అయిదో నెలలో ఆ శ్రుతి ఏమిటని అడిగాను. "అది కాదు సిస్" అన్నాడు. అంతే. నవ్వుతూనే అన్నాడు, కానీ నాకు మొహం మీద కొట్టినట్టయింది. ఒక ఆదివారం వెళ్ళలేదు, అసైన్‌మెంట్ అని అబద్ధం చెప్పాను.

అసలు గొడవేమిటంటే అతను చెప్పక్కర్లేదు. నాలుగేళ్ళు స్వరాలు పలికిన చెవి, ఊరుకోదు. బస్సులో ఇంటికొస్తూ ఆ పాట లోపల మోగించుకుంటుంటే ఉత్త తీగలు ఏవో ఒక్కొక్కటీ విడిపోయి కనిపించసాగాయి, నాలుగు తేలిపోయాయి, ఇంకో రెండు సాయంత్రాలు విన్నానంటే మిగతా రెండూ తెలిసిపోతాయి. దొంగతనం చేస్తున్నట్టు అనిపించింది, చెయ్యట్లేదనీ అనిపించింది, వినడం తప్పా? ఆ తర్వాతి ఆదివారం వెళ్ళి చెప్పేశాను, నాలుగు తీగలు దొరికిపోయాయని. చాలాసేపు నవ్వాడు. "అయితే ఆ నాలుగూ మర్చిపో" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. అన్న ఉద్యోగం కోసం లాస్ వేగస్ వెళ్ళిపోయాడు. ఆ ఊరిని ఇక్కడ తొమ్మిదో దీవి అంటారు, అంతమంది వెళ్ళిపోయారు, 2020 జనాభా లెక్కల్లో హవాయి మూలవాసుల్లో సగానికి పైగా హవాయిలో లేనేలేరు, అద్దెలూ ఇళ్ళ ధరలూ అలా ఉన్నాయి. ఇంట్లో మిగిలింది ఇతను. అక్క కూతురు ఒకతి ఉంది, ఏడేళ్ళు, ఉకులెలె గోకుతుంటుంది. శ్రుతి ఆ పిల్లకి. ఆ పిల్లకి ఇష్టం లేకపోతే? అని అడిగాను, నోరు మూసుకోవాల్సిన సామెత మర్చిపోయి. "అడుగుతాను, పదేళ్ళు ఆగి మళ్ళీ అడుగుతాను" అన్నాడు. మిగతావన్నీ ఎవరొచ్చి అడిగినా నేర్పుతానన్నాడు, దాచి పోగొట్టుకున్నది చాలని. ఒక్కటి మాత్రం ఇంట్లో ఉండాలి. నా నాలుగు తీగల్ని నేను ఎక్కడా రాసుకోలేదు, మర్చిపోయానని మాత్రం చెప్పలేను, చెవి సంగతి తెలుసుగా.

తొమ్మిదో నెలలో కనికపీలాలో నన్నూ వాయించమన్నారు. హిఇలావె కాదు, చిన్న పాటే. రెండో చరణంలో బుర్ర ఖాళీ అయిపోయింది. ఇక్కడ ఒక మంచి ఏర్పాటుంది, ప్రతి చరణం మధ్యా వ్యాంప్ అని రెండు కార్డుల చిన్న ముక్క వస్తుంది, డీ సెవెన్ నుంచి జీకి, మన పల్లవి ఎత్తుకున్నట్టు అందరూ దాని దగ్గరికి వస్తారు. దారి తప్పితే అక్కడికి వచ్చి తిరుగుతూ ఉండు అని అతను ముందే చెప్పాడు. తిరిగాను. నాలుగుసార్లు తిరిగాను. ఉకులెలె వాయిస్తున్న అంకుల్ ఒకాయన ఏమీ జరగనట్టు నాతోపాటే తిరిగి, అయిదోసారి తనే చరణం ఎత్తుకున్నాడు. చివరి చరణం హఇన అనే మాటతో మొదలవుతుంది, కథ చెప్పేశాం అన్నట్టు, అది వినపడగానే అందరికీ పాట అయిపోతోందని తెలుస్తుంది. దానికి మాత్రం సరిగ్గానే చేరాను. టూటూ "వేగం పెంచావు" అంది.

ఇప్పుడు సీ వాహినే అనే ఇంకో శ్రుతిలో ఉన్నాను, అందులో ఆరో తీగని డీ నుంచి ఇంకా కిందికి, సీ దాకా దించాలి. నా గిటార్‌కి ఉన్న తీగలు సన్నవి, అంత వదులు చేసేసరికి మెట్లకి తగిలి జర్రుమంటోంది. షాపతను పదమూడు గేజ్ అనే లావు తీగల సెట్ వేసుకోమన్నాడు, గిటార్ మెడ వంగుతుందేమో అని భయం. ఈ ఆదివారం గిటార్ అలాగే పట్టుకెళ్ళి చూపించాలి. వేపుడు కూడా చెయ్యాలి, ఈసారి కారం తగ్గించమని టూటూ మనవరాలి ఫోన్ నుంచి మెసేజ్ పెట్టించింది.